రేవు పక్కన ఇల్లు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, సివిల్ డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నాను. పోర్టుకి దగ్గర్లో, కంచరపాలెంలోని మా అద్దె ఇంటికి అన్నయ్య ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. అందులో ఊరు కట్టే ఆట ఒకటి ఉండేది. రోడ్లు వేయాలి, కరెంటు ఇవ్వాలి, జనం వచ్చి చేరేలా చూసుకోవాలి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తినేదాన్ని. ఎంత కట్టినా నచ్చేది కాదు. నిన్న వేసిన రోడ్డును ఇవాళ పీకేసేదాన్ని.

ఒక ఆదివారం ఆటలో, రేవు పొగకి తాళలేక జనం ఇళ్లు ఖాళీ చేస్తున్నారని ఓడరేవు మొత్తం కూల్చేశాను. పోర్టులో క్రేన్ నడిపే నాన్న నా వెనకే నిలబడి చూస్తున్నారు.

"రేవు తీసేసావేటమ్మా?"

"పొగొత్తంది నాన్నా. జనం ఎల్లిపోతన్నారు."

"మరి నానేటి పని సేత్తాను?"

నవ్వుతూనే అన్నారు. రేవు మళ్లీ కట్టి, ఇళ్లన్నీ దూరంగా కొండల అవతల వేశాను. ఈసారి దారి పొడవునా బళ్లు నిలిచిపోయాయి. విసుగొచ్చి ఊరంతా చెరిపేయబోతుంటే నాన్న స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"మనిల్లు రేవు పక్కనే ఎట్టు. నడిసెల్లిపోతాను."

"అక్కడెవరూ ఉండరు నాన్నా."

"మనం ఉంటన్నాం కాదేటి?"

ఆయన వేలు పెట్టిన చోట ఒక్క ఇంటికి జాగా ఇచ్చాను. చాలాసేపు అది ఖాళీగానే ఉంది. తర్వాత గోడలు లేచాయి, ఎవరో వచ్చి చేరారు. నాన్న తృప్తిగా లేచి స్నానానికి వెళ్లారు. నేను మాత్రం వాళ్లు కూడా ఎప్పుడు ఖాళీ చేసి పోతారోనని ఆ ఇంటినే చూస్తూ కూర్చున్నాను.