కోర్టు అప్పగించిన పిల్ల

నిన్న ఇస్త్రీ బండి పక్కగా నడుస్తుంటే, గంజి పెట్టిన నూలు చీర మీద వేడి పెట్టె జరిగినప్పుడు లేచే వాసన తగిలింది. కాస్త మాడినట్టు, కాస్త అన్నం ఉడికినట్టు ఉంటుందది. అరవై దాటిన మనిషిని, రోడ్డు మధ్యన నిలబడిపోయాను. అది రాహేలమ్మగారి వాసన. ఏలూరులో ఆడపిల్లల బోర్డింగు స్కూలుకు ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. 1930లలో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, కోర్టు నన్ను ఆవిడ చేతిలో పెట్టింది.

మా నాన్న తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లుకు మేనేజరు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే పెద్ద. బయట అందరితోనూ మెత్తగా మాట్లాడేవాడు. ఇంట్లో తలుపు మూశాక అమ్మను కొట్టేవాడు. ఒకసారి అమ్మ చెయ్యి విరిగింది. కట్టు విప్పకముందే నన్ను తీసుకుని, కొల్లేరు సరస్సు మధ్య లంకలో ఉన్న మావయ్య ఇంటికి పడవెక్కింది. కొద్దిరోజులకే నాన్న కోర్టుకు వెళ్ళాడు, బిడ్డ మీద హక్కు తండ్రిదేనని. ఆ రోజుల్లో ఆ మాటను కాదనేవాళ్ళు తక్కువ. అయినా జడ్జీగారు తొందరపడలేదు. కేసు తేలేదాకా నన్ను బోర్డింగులో ఉంచమన్నారు. శనివారం అమ్మ, ఆదివారం నాన్న వచ్చి చూడవచ్చు. మూడింటినుంచి ఐదింటిదాకా, గేటు లోపలే, హెడ్‌మిస్ట్రెస్ ఎదుటే.

మొదటి సాయంత్రం నేను అన్నం ముట్టలేదు. రాహేలమ్మగారు వచ్చి నా పక్కనే చాప మీద కూర్చున్నారు.

"నేనేం తప్పు చేశానండీ?" అని అడిగాను.

"నువ్వేమీ చేయలేదమ్మా. పెద్దవాళ్ళ తగువు తెగేవరకు నిన్నెవరూ చెరోపక్కా లాగకూడదని ఇక్కడ ఉంచారు. అంతే."

ముద్దుచేయలేదు, కన్నీళ్ళు తుడవలేదు. పచ్చడన్నం కలిపి కంచం నా ముందుకు జరిపి, తినేదాకా కదలకుండా కూర్చున్నారు.

ఆవిడంటే నాకు మొదట్లో కోపమే. ఒక శనివారం అమ్మ వచ్చి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవిలో చెప్పింది: "నాన్న నన్నూ కొట్టాడని చెప్పు తల్లీ. లేకపోతే నిన్ను తీసుకుపోతాడు." ఆ గుసగుస వినబడి, వరండా చివర దిద్దుతున్న పుస్తకాలు పక్కనపెట్టి రాహేలమ్మగారు లేచి వచ్చారు.

"ఏవమ్మా, ఆయన పిల్లను కొట్టారా?"

అమ్మ తలవంచుకుంది. "లేదండి."

"అయితే ఆ మాట దాని నోట్లో పెట్టకండి. మీ చెయ్యి విరిగింది నిజం. ఆ నిజం చాలదనుకుని అబద్ధం కలిపితే రెండూ పోతాయి."

అమ్మ ఏడుస్తూ వెళ్ళింది. ఆ రాత్రంతా నేను ఆవిడను తిట్టుకున్నాను. మర్నాడు నాన్న కాజాలు తెచ్చి, లంకలో నాకు తిండి లేదని జడ్జీగారికి చెప్పమన్నప్పుడు ఆవిడ అదే గొంతుతో అడ్డుపడ్డారు. అప్పుడు నాకు ఆవిడ ఎవరి పక్షమూ కాదనిపించింది. నా పక్షమని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

ఆ ఆదివారం నాన్న జట్కాలో వచ్చాడు. నాతో నవ్వుతూ మాట్లాడుతూనే నన్ను ఎత్తుకుని గేటు దాటి బండిలో కూర్చోబెట్టాడు. స్టేషనుకు పోనిమ్మన్నాడు. నేను అరిచానో లేదో గుర్తులేదు. రాహేలమ్మగారు పరుగెత్తుకొచ్చి గుర్రం ముందు నిలబడి కళ్ళెం పట్టుకున్నారు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి.

"దిగండి."

"నా కూతురండీ! మధ్యన మీరెవరు?"

"మీకు కూతురే. నాకు అప్పగింత. జడ్జీగారు వచ్చి తీసుకుపొమ్మంటే నేనే బండెక్కిస్తాను. అందాకా ఈ గుర్రం నన్ను తొక్కుకునే వెళ్ళాలి."

జట్కావాడు పగ్గాలు వదిలేసి దిగిపోయాడు. ఆవిడ నన్ను దించుకున్నారు. గేటు లోపలికి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు స్కూలు కమిటీ పెద్ద ఒకాయన వచ్చాడు. "మన సంఘంలో పెద్దమనిషండీ. ఈ సంగతి కోర్టుకెక్కితే చర్చికే తలవంపులు. మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి," అన్నాడు. ఆవిడ ఆయనకు మంచినీళ్ళిచ్చి, "ఆలోచించానండీ, కోర్టుకు ఉదయమే రాసి పంపేశాను," అన్నారు.

విచారణ రోజున ప్లీడరు అడిగితే ఆవిడ జట్కా సంగతి చెప్పారు. అంతటితో ఆగలేదు. "ఆయన ఒక్క ఆదివారమూ మానలేదండి. ఆయనతో ఉన్నప్పుడు పిల్ల నవ్వేది. అది కూడా రాసుకోండి," అన్నారు. అమ్మ ముఖం నల్లబడింది. తర్వాత జడ్జీగారు నన్ను తన గదిలోకి పిలిచారు. నాన్న నన్ను కొట్టలేదనీ, అమ్మను కొడుతుంటే నేను ధాన్యం గాదె వెనక చెవులు మూసుకునేదాన్ననీ చెప్పాను. నాన్న మీద ఇష్టమేనా అన్నారు. ఇష్టమేనన్నాను. ఆ ఇంటికి వెళ్తావా అంటే వెళ్ళనన్నాను. రెండూ నిజమే. రెండూ ఒక్కచోట చెప్పవచ్చని ఆవిడ వల్లే నాకు తెలిసింది.

తీర్పులో నన్ను అమ్మకిచ్చారు. చదువు ఆ బోర్డింగులోనే. నాన్న నెలకొక ఆదివారం వచ్చి, రాహేలమ్మగారి ఎదుటే చూడాలి. ఏడాది తిరక్కుండా కమిటీవాళ్ళు ఆవిడను హెడ్‌మిస్ట్రెస్ పదవినుంచి తీసేసి పెదపాడు పల్లె బడికి మార్చారు. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్ళారు. కాని నాన్న వచ్చే ఆదివారం మాత్రం మూడు కాకముందే, ఎండైనా వానైనా, ఏలూరు వచ్చి వరండాలో కూర్చునేవారు. నాకు పదహారేళ్ళు వచ్చేదాకా అలాగే వచ్చారు. "ఇంకెవరినైనా పెట్టమని కోర్టుకు రాయకూడదటండీ?" అని ఒకసారి అడిగాను. "నన్ను అడిగారు, ఒప్పుకున్నాను కదమ్మా," అన్నారు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు నా తరగతుల్లో చాలామందే చదువుకున్నారు. అలాంటి పిల్లను ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. నాకేది నచ్చుతుందో నా ముఖంలో వెతుక్కోకుండా చెప్పాలని. ఒక్కోసారి ఆ పిల్ల నోరు విప్పేలోపే బడి గంట కొట్టేసేవారు, మిగతా పిల్లలంతా వెళ్ళిపోయేవారు. అది చెప్పేదాకా నేను లేచేదాన్ని కాదు.