స్క్రూల డబ్బా

వియన్నాలో, ఒటాక్రింగ్ పేటలోని ఆడపిల్లల బడి మెట్ల కింద ఒంటి గదిలో క్రెషెంజియా పద్దెనిమిదేళ్ళు కాపురముంది. మొగుడు మొదటి ప్రపంచయుద్ధంలో పోయాక అతని పని ఆమెకిచ్చారు. నేల ఊడ్చి నూనె పట్టించాలి, పొయ్యిల్లో బొగ్గు వెయ్యాలి, గంట కొట్టాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ గది.

యుద్ధం ముగిసి ఊరు ఎర్రజెండా వాళ్ళ చేతికొచ్చింది. పిల్లలు చేతులు కట్టుకుని వల్లె వేసింది చాలు, ఇక మాట్లాడుతూ, చేత్తో చేస్తూ నేర్చుకోవాలన్నారు. హెర్మీనె టీచరు వరసల్లో నేలకు బిగించిన బల్లలు విప్పించి గుండ్రంగా వేయించింది. విప్పిన క్రెషెంజియాకు ఇదంతా మూణ్ణాళ్ళ ముచ్చటనిపించింది.

"రేపో మాపో మళ్ళీ బిగించమంటారు, చూస్తుండండి టీచరుగారూ," అంది. స్క్రూలన్నిటికీ పందికొవ్వు రాసి బిస్కట్ల డబ్బాలో దాచింది. ఏదైనా పారెయ్యాలంటే ఆమెకు చెయ్యి రాదు.

మూణ్ణాళ్ళు కాదు, పద్నాలుగేళ్ళు సాగింది. ఎంత మెత్తటి మధ్యాహ్నాలవి! కిటికీలోంచి చెస్ట్‌నట్ ఆకుల నీడ వచ్చి బల్లల మధ్య ఊగేది. గాజు సీసాలో నత్త నడుస్తుంటే, నిద్రొస్తే నత్త పడుకుంటుందా, దాని ఇల్లు పడుకుంటుందా అని పిల్లలు తగువాడుకునేవారు. క్రెషెంజియా చీపురు ఆపి గుమ్మంలో నిలబడిపోయేది. ఆమె కోసం టీచరు ఒక చోటు ఖాళీగా ఉంచేది. రమ్మన్నప్పుడల్లా నేల తడిగా ఉందని తప్పించుకునేది. ఆమె సిగ్గు ఆమెది.

పంతొమ్మిదివందల ముప్పై నాలుగు ఫిబ్రవరిలో పేట మీద సర్కారు ఫిరంగులు పేలాయి. ఎర్రజెండా దిగింది, హెర్మీనె టీచరు ఉద్యోగం ఊడింది. ఒక శనివారం కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చి క్రెషెంజియా చేతిలో కాగితం పెట్టాడు. సోమవారానికి బల్లలన్నీ నేలకు బిగించి ఉండాలి, లేదా గది ఖాళీ చెయ్యాలి. తను అన్నమాటే నిజమైంది. అయినా ఆమె గుండె మండిపోయింది.

ఆదివారం చర్చికి వెళ్ళలేదు. కాగితం మూడుసార్లు చదివి డబ్బా తెరిచింది. స్క్రూలు నిన్న విప్పినట్టే మెరుస్తున్నాయి. సాయంత్రం ప్రార్థన గంటలు మోగేసరికి చివరిది బిగించి, ఆ ఖాళీ చోట్లో మొదటిసారి కూర్చుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా అందరూ ఉన్నట్టే అనిపించి, కళ్ళు తుడుచుకుంది.

సోమవారం ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్లలు గుండ్రంగానే ఉన్నాయి. ఒకదాన్ని పట్టి లాగాడు, కదల్లేదు.

"ఏమిటమ్మా ఇది?"

"బిగించమన్నారు, బిగించాను. వరసల్లో అని రాయలేదు కదండీ."

శనివారానికి ఆమె తట్టాబుట్టా సర్దుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. బల్లలు విప్పడానికి వడ్రంగి దొరికేసరికి పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్ళూ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే కూర్చున్నారు.