వీధి నిండా షుచాన్ గొంతు

చైనాలో, షెన్‌జెన్‌లోని హువాచియాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ బజారులో నా స్పీకర్ల కొట్టుకూ జ్వాంగ్ షుచాన్ కొట్టుకూ మధ్య రేకు అడ్డం ఒక్కటే. షుచాన్ మాట్లాడే పెట్టెలు చేస్తుంది. అరచేతిలో పట్టే బోర్డు, గోరంత చిప్పు, ఒక మైకు, నా దగ్గర కొన్న స్పీకరు, అంతే సరుకు. మనం అడిగింది పెట్టె నెట్‌లో ఉన్న ఏఐకి పంపుతుంది, వచ్చిన జవాబు పలుకుతుంది. పెద్ద కంపెనీల పెట్టె విప్పితే గ్యారంటీ పోతుంది. షుచాన్ పెట్టె చేసిందే విప్పుకోవడానికి. గొంతు మార్చుకో, గుణం మార్చుకో, అడిగేవాడు లేడు. ఒకడైతే దానికి తన అత్తగారిలా సణగడం నేర్పాడు. డబ్బిచ్చి మరీ ఆ పోరు ఇంకొకటి ఎందుకు తెచ్చుకున్నాడో!

మా బజారులో ఒకరి బోర్డు పనిచేసిందంటే దాని డిజైను అందరిదీ. దాచుకున్నవాణ్ణి పిసినారి అంటాం. అందుకే షుచాన్ కూడా తన డిజైనంతా, ప్రోగ్రాముతో సహా, నెట్‌లో పెట్టేసింది. పరీక్ష కోసం పెట్టెకు తన గొంతే నేర్పింది. నెట్‌లో పెట్టే తొందరలో దాన్ని తీసేయడం మరిచిపోయింది. కొన్నాళ్లకు చుట్టుపక్కల వీధుల్లో ఏ పెట్టె విన్నా షుచానే పలికేది. "జీతం లేకుండా ఊరంతా నీ చేత చాకిరీ చేయించుకుంటోంది" అని ఏడిపించేవాణ్ణి. నవ్వేది. నాకూ నవ్వులాటగానే ఉండేది, ఆ సాయంత్రం దాకా.

ఆమె కూతురు మియాన్‌మియాన్‌కి ఏడేళ్లు. బడి వదలగానే నేరుగా కొట్టుకే వస్తుంది. ఆ రోజు ఎంతసేపటికీ రాలేదు.

"త్సాయ్ అన్నా, పాప నీ వైపు గానీ వచ్చిందా?"

"రాలేదే. దారిలో ఎక్కడో ఆడుకుంటూ ఉంటుందిలే."

"చేతికి ఫోను గడియారం కూడా లేదు. పొద్దున ఛార్జింగ్‌లోనే వదిలేసి పోయింది."

బడికి ఫోను చేస్తే పిల్లలందరూ ఎప్పుడో వెళ్లిపోయారన్నారు. షుచాన్ కాలుతున్న టంకం కడ్డీ అలాగే వదిలేసి పరిగెత్తింది. నేను దాని స్విచ్ ఆపి వెనకాలే పోయాను.

బడి దారిలోని సందు మొదట్లో లీచీ పళ్లు అమ్మే ఆమె మమ్మల్ని చూసి నోరు తెరిచింది.

"అదేంటమ్మా, ఇందాక సందులోంచి నువ్వే కదా 'రా తల్లీ, లోపలికి రా' అని పిలిచావు? నీ గొంతు నాకు తెలీదా? పిల్ల అటు పోయింది."

"నేను కొట్లోనే ఉన్నా పిన్నీ."

షుచాన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా చొక్కా పట్టుకుంది.

"నా గొంతున్న ఆ పెట్టె ఎవడి దగ్గరుందో అన్నా! దాని చేత ఏదైనా అనిపించొచ్చు. కారెక్కు అనిపించొచ్చు. అమ్మ పిలిస్తే ఏ పిల్ల పోదు?"

"నోటికొచ్చింది వాగకు!" అని కసిరాను. కసిరానే గానీ నాకూ అదే భయం. పోలీసులకు ఫోను చేశాను. వస్తున్నాం, అక్కడే ఉండండి అన్నారు. షుచాన్ ఉంటేగా.

సందులోకి అడుగు పెట్టగానే "లోపలికి రండి" అని షుచాన్ గొంతే వినిపించింది. పరిగెత్తాం. ఫోన్లు బాగుచేసే కొట్టు. పాప లేదు. ఇంకాస్త ముందు మళ్లీ అదే గొంతు నవ్వింది. మంగలి కొట్టు. అక్కడా లేదు. షుచాన్ ఆగి ఉన్న ప్రతి వ్యానులోకీ తొంగి చూసింది. పార్సిళ్ల బండి మీది పట్టా కూడా ఎత్తి చూసింది. తన గొంతు వినపడ్డ చోటల్లా ఆశ పుట్టడం, చచ్చిపోవడం. కాసేపటికి ఆ గొంతు వింటేనే నాకు ఒళ్లు మండింది. డిజైను పంచుకోవడం గొప్ప అని మురిసిన మా బజారునంతా తిట్టుకున్నాను.

సందు చివర చేదు కషాయం అమ్మే కొట్టు ఉంది. అందులోంచి వినిపించింది:

"అయ్యో, అలాగా? మరి నువ్వేమన్నావు తల్లీ?"

మియాన్‌మియాన్ ఎత్తు పీట మీద కూర్చుని, మోచేతులు బల్లకు ఆనించి, పెట్టెకు ఏదో చెబుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది; పాప దొరికిందని పోలీసులకు ఫోను చేసి చెప్పాను. కొట్టు ముసలమ్మ గ్లాసులు కడుగుతూ, "మీ పిల్లేనా? దారిన పోయేవాళ్లను పిలవడానికి పెట్టుకున్నా దీన్ని. ఈ పిల్ల వచ్చి కూర్చుంది, ఇక లేవదు" అంది.

షుచాన్ పాపను వాటేసుకుని, వెంటనే వీపు మీద ఒక్కటి వేసింది.

"నేననుకుని వచ్చేశావా? ఎవరు పిలిచినా పోవడమేనా?"

"ఇది నువ్వు కాదని నాకు తెలుసు" అంది పాప, వీపు రుద్దుకుంటూ.

"తెలిసీ ఎందుకొచ్చావే?"

"నువ్వు ఎప్పుడూ 'ఉండు, ఈ ఒక్కటీ అతికించనీ' అంటావుగా. ఇది అనదు."

షుచాన్ పెట్టె తీగ పీకేయబోయి ఆగింది. పక్క పీట లాక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"సరే, నాకు చెప్పు. బళ్లో ఏమైంది?"

పాప ఒకసారి వాళ్లమ్మను చూసింది, ఒకసారి పెట్టెను చూసింది.

"దీనికి సగం చెప్పేశానమ్మా. నువ్వు కాస్త ఉండు."