తెలిసిన దారిని అడిగే మనిషి

నిన్న పొద్దున మార్కెట్ దగ్గర లారీలోంచి కొత్త అల్లం దించుతున్నారు. గడ్డలకు ఎర్రమట్టి ఇంకా అంటుకునే ఉంది. ఒక బస్తా కుట్టు ఊడి నాలుగు కొమ్ములు నా ముందే రోడ్డు మీద పడ్డాయి, వాటి మీదుగా ఒక సైకిల్ పోయింది. ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి నేను అక్కడే నిలబడిపోయాను. వెనక ఆటో అబ్బాయి "తాతా, జర పక్కకు జరుగు" అంటున్నా కదల్లేదు. అల్లం వాసనకు లోకంలో అందరికీ చాయ్ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇరవై ఏళ్ల వయసులో నేను చేసిన ఒక తలతిక్క పని గుర్తొస్తుంది, దాని వెంటే జరీబ్ చిచ్చా గుర్తొస్తాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడకపోవడం మీ తప్పు కాదు గానీ, మీకు నష్టమే.

ఆయన అసలు పేరు ఖాసిం అలీ. జరీబు అంటే భూమి కొలిచే ఇనుప గొలుసు. నైజాం జమానాలో సర్వే చేసేవాళ్ల వెంట ఆ గొలుసు లాగుతూ ముప్ఫై ఏళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు కాబట్టి ఊరంతా ఆయన్ని జరీబ్ చిచ్చా అనే పిలిచేది. నౌకరీ అయిపోయినా ఆయన కాళ్లు మాత్రం పింఛను తీసుకోలేదు. ప్రతి ఆదివారం పొద్దున ఆరు గంటలకు ఎవరొస్తే వాళ్లను వెంటేసుకుని నడకకు తీసుకుపోయేవాడు. ఫీజు లేదు, చందా లేదు, పేర్లు రాసుకునే పుస్తకం లేదు. గురువారం సాయంత్రానికి మొగులయ్య సైకిల్ షాపు తలుపుకి ఒక పలక వేలాడేది. దాని మీద ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఉర్దూలో సుద్దతో రాసి ఉండేది: ఈ ఆదివారం చిరాగ్‌పల్లి వైపు, రొట్టె, నీళ్లు ఎవరివి వాళ్లే. హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లు మమ్మల్ని పైదల్ పార్టీ, అంటే కాలినడక పార్టీ అని వెక్కిరించేవాళ్లు. ఎలక్షన్లప్పుడు ఒకాయన మీ పార్టీ గుర్తు ఏంది అని అడిగితే, మొగులయ్య తన కాలు పైకెత్తి అరిగిపోయిన చెప్పు చూపించాడు. ఆ పేరు మాకు అట్లాగే స్థిరపడిపోయింది.

నేను అప్పుడు తహసీల్ కచేరిలో కొత్తగా చేరిన గుమాస్తాను. పాత గ్రామ నక్షల మీద పలచటి గుడ్డ పరిచి, గీత మీద గీత దిద్ది నకళ్లు తీయడం నా పని. కాగితం మీద ఊళ్లన్నీ నాకు కంఠతా వచ్చు, కాలితో మాత్రం రైల్వే గేటు దాటి ఎరగను. మొదటి ఆదివారం వెళ్లినప్పుడు కోహీర్ వైపు ఒకచోట ఎర్రమట్టి ఒక్కసారిగా ఆగిపోయి నల్లరేగడి మొదలైంది. చిచ్చా అందరినీ ఆపి, ఒక కాలు ఎరుపు మీద, ఒక కాలు నలుపు మీద పెట్టి నిలబడమన్నాడు. పదిహేను మందిమి, అందులో బట్టతల హిందీ పండితుడు కూడా, పంచె ఎగ్గట్టి కాళ్లు చాపి నిలబడ్డాం. నా నక్షలో ఆ చోట ఉత్త తెల్లకాగితం. ఆ రోజు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత శనివారం వచ్చిందంటే కచేరిలో కలం సాగేది కాదు, ఎప్పుడు తెల్లారుతుందా అని ఒకటే ఆరాటం.

చిచ్చాలో నాకు నచ్చనిది ఒక్కటే. దారిలో కనబడిన ప్రతి మనిషినీ దారి అడిగేవాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్లను, మోట తోలుతున్న ముసలాయనను, గొర్రెలు కాసేవాళ్లను, ఎవరినీ వదిలేవాడు కాదు. చేను గట్టు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, "అక్కా, కోహీరుకు బాట ఎటు?" అనేవాడు. ఆ అక్క నడుం నిటారు చేసి చెయ్యి చూపించేది. అంతటితో అయ్యేది కాదు, మీదేవూరు, వానలు పడ్డాయా, ఆ వాగు దగ్గర పాము తిరుగుతోంది పైలం, అని పావుగంట. వచ్చేటప్పుడు ఒళ్లో నాలుగు జామకాయలు. అక్కడ గొలుసు లాగిన మనిషికి దారి తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"చిచ్చా, మీకు ఈ బాట తెల్వదా?"

"తెలుసు బేటా."

"మరెందుకు అడుగుడు? ఉత్తగ టైం ఖరాబు."

"నాకు బాట తెలుసు. వాళ్లకు నేను తెల్వాలె గద" అని జామకాయ కొరికి నడక సాగించాడు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఇరవై ఏళ్లవాడికి అరవై ఏళ్లవాడి మాటలన్నీ చాదస్తంగానే వినబడతాయి, ఇప్పుడు నా మనవలకు నా మాటలు అట్లా వినబడటం లేదూ.

మా అందరి కల ఎర్రగుట్ట. శ్రావణంలో ఆ గుట్ట మీంచి నీళ్లు దుంకుతాయని విన్నాం గానీ ఎవరం చూడలేదు. వానలు మొదలవగానే ఒక ఆదివారం పైకి తోవ చూసి వద్దామని బయల్దేరాం. మొగులయ్య మనిషి భారీ, నడక నెమ్మది. చిచ్చా ఎప్పుడూ అందరికంటే మెల్లగా నడిచేవాళ్లతో వెనక ఉండేవాడు. ఆ రోజు నాతో, "నర్సింలూ, నువ్వు ముందర నడువు" అన్నాడు. నా ఛాతీ ఉబ్బిపోయింది. సంచిలో గుట్ట కింది ఊరి నక్ష నకలు పెట్టుకుని వచ్చాను. అందులో బండ్ల బాట చుక్కల గీతగా పొలాల నడుమ నుంచి నేరుగా గుట్ట పాదం దాకా ఉంది. గట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడ బాట లేదు, కొత్తగా మొలకెత్తిన అల్లం చేను ఉంది. ఎవరో సర్కారు బాటను దున్నేసి ఆక్రమించుకున్నారని నాకు కోపం కూడా వచ్చింది చూడండి. కనుచూపు మేరలో అడగడానికి ఒక మనిషి ఉంది. అడగలేదు. నక్ష రెండు చేతులా విప్పి పట్టుకుని, నా వెనక పద్నాలుగు మందిని పెట్టుకుని, ఆ మొలకల మీదుగా దర్జాగా నడిచాను. కాళ్ల కింద మొలకలు విరుగుతుంటే లేచిన వాసన అదే.

అడగని ఆ మనిషి పేరు సిద్దమ్మ. బావి దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా చేతిలో నక్ష చూసి ఆమె ముఖం పాలిపోయింది. "కచేరోళ్లా బిడ్డా? నా భూమి ఎవరికి రాసిన్రు?" అంది. నేను ఇంకా తెలివిగా, "రాసేదేం లేదవ్వా, ఇది సర్కారు బాట, నక్షల ఉన్నది" అన్నాను. ఆమె చేను నడుమ కూలబడింది. ఇంతలో చిచ్చా వెనక నుంచి అందుకున్నాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, "అక్కా, ఎవరికీ రాయలే. తప్పు మాది" అని, మమ్మల్ని వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిపించాడు. తిరుగుదారి అంతా నన్ను వెనక పెట్టి తానే ముందు నడిచాడు. ఆయన తిట్టినా బాగుండేది.

వారం తిరిగేసరికి ఆ చేనికి తుమ్మకంప కంచె పడింది. దానికంటే వేగంగా మాట పాకింది, పైదల్ పార్టీ వాళ్లు కచేరి మనుషులట, నక్షలు పట్టుకుని భూములు కొలుస్తున్నారట అని. ఆ తర్వాతి ఆదివారం చిచ్చా గట్టు దగ్గర ఆగి దారి అడిగితే, కలుపు తీసే ఆడవాళ్లు తలెత్తలేదు. ఒకామె మాత్రం "మాకు తెల్వదు" అంది. ఆ మాటకు ఆయన ముఖం చిన్నబోవడం నా కళ్లతో చూశాను. మనుషులు తగ్గి నలుగురం మిగిలాం. ఆ గురువారం పలక మీద ఏ ఊరి పేరూ రాయలేదు. మొగులయ్య షాపులో కూర్చుని ఆయన నాతో తేల్చి చెప్పాడు.

"శ్రావణం దాటేలోపల ఆమె బాట ఇయ్యకపోతే పార్టీ బంద్. అడిగితే జవాబు రాని తావుల నేను నడువను."

"మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి చిచ్చా."

"నువ్వు మూసినవ్, నువ్వే తెరువాలె."

వెళ్లాను. మొదటిసారి, నా బుద్ధి గడ్డి తిని, నక్ష తీసుకునే వెళ్లాను, భయపడాల్సిందేమీ లేదని గీత గీతా చూపించి రుజువు చేద్దామని. ఆమె గుడిసెలోకి పోయి తలుపు వేసుకుంది. రెండోసారి, తొక్కిన దానికి బదులుగా విత్తనపు అల్లం గంపెడు మోసుకుపోయాను. "నేనడిగిన్నా?" అని కంచె ఇవతలే దింపించి, ఇవతల నుంచే మోయించి పంపింది. మూడోసారి ఏమీ మాట్లాడకుండా కంచె పక్కన కలుపు పీకడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, "అది కలుపు కాదు, పెసర. పో ఇంగ" అంది. ఏడుపొక్కటే తక్కువ. చిచ్చాకు చెబితే పగలబడి నవ్వి, ఆ నవ్వులోనే అన్నాడు: "ఏమీ తీస్కపోకు నర్సింలూ. ఉత్త నోరు తీస్కపో."

నాలుగోసారి ఉత్త చేతులతో వెళ్లాను. కంచె దగ్గర చెప్పులు విడిచాను. ఏం మాట్లాడాలో తోచక నిలబడితే, ఎన్ని ఆదివారాలు విన్నానో ఆ మాటే వచ్చింది.

"అవ్వా, ఎర్రగుట్ట మీదికి బాట ఎటు?"

ఆమె పార ఆపింది. "నీ కాయితంల ఉన్నదంటివి గద."

"కాయితం సంగతి నాకు తెల్వదవ్వా. ఈడ నడిచేది నువ్వు. నువ్వే చెప్పాలె."

నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత పార భుజాన వేసుకుని ముందు నడిచింది. తూర్పు గట్టు వెంబడి, బావి వెనక నుంచి, సీతాఫలం పొదల పక్కగా సన్నటి బాట ఒకటి గుట్టకు ఎక్కుతోంది. "మా అత్తమామల కాలం కెల్లి ఇదే బాట. నా చేను నడుమ బాట ఎన్నడు లేకుండె" అంది. ముసలావిడ మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను, ఎదురు మాత్రం చెప్పలేదు. "మీ పెద్దమనిషిని ఆదివారం తోల్కరా. ఒక్కడే అడిగెటోడు, ఆయనకు తెల్వదని చెప్పిపిచ్చిన, నాకు గూడ మంచిగ అనిపియ్యలే" అంది. ఆ రోజు నేను జహీరాబాద్ దాకా నడిచానో పరుగెత్తానో నాకే తెలియదు.

ఆ ఆదివారం ఇరవై మందికి పైగా వచ్చారు. ముసురు పట్టింది, అయినా ఒక్కరూ ఆగలేదు. సిద్దమ్మ కొంగు నడుముకు చుట్టి ముందు నడిచింది. సగం ఎక్కేసరికి హోరు వినబడింది. అందరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, తర్వాత ఒకటే ఉరుకు. ఎర్రరాతి అంచు మీంచి నీళ్లు తెల్లగా విరగబడి దుంకుతున్నాయి. హిందీ పండితుడు కళ్లజోడు తుడుచుకోవడం, అది మళ్లీ తడవడం, మళ్లీ తుడుచుకోవడం. మొగులయ్య చొక్కాతోనే నీళ్ల కిందికి పోయి నిలబడి, బయటికి రమ్మంటే రాడు. సిద్దమ్మ మాత్రం దూరంగా నిలబడిపోయింది. ఏమైందవ్వా అంటే, "ఈ ఊరికి కోడలుగ వచ్చి నలభై ఏండ్లాయె. సప్పుడు దినాం ఇంటుంట. ఎక్కి చూసే తీరిక ఎన్నడు దొరకలే" అంది. తర్వాత పాదాలు నీళ్లలో పెట్టి చిన్నపిల్లలా నవ్వింది. నేను జీవితంలో పడిన సంతోషాలన్నీ ఒక వరసలో నిలబెడితే, ఆ పూట మొదట నిలబడుతుంది.

రొట్టెలు విప్పి బండ మీద కూర్చున్నాం. నేను ఊరికే ఉండలేక, "చిచ్చా, అవ్వ తన చేన్ల బాటనే లేదంటది. మరి నక్షల ఎట్ల వచ్చింది?" అన్నాను. ఆయన చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టాడు. సిద్దమ్మ వైపు తిరిగి, ఆమెకు చెప్పాడు, నాకు కాదు.

"అక్కా, ఈ ఊరు కొలవొచ్చిన దినం గూడ గిట్లనే వాన. పెద్ద సాబు చెట్టు కింద కూసుండి, గుట్టకు ఏదో ఒక బాట ఉండనే ఉంటది, గీసెయ్యి అన్నడు. గీసిన్రు. గొలుసు నా దగ్గర్నే ఉండె, సంచిల కెల్లి తియ్యనే లేదు. అసుంటి గీతలు ఎన్ని ఉన్నయో నాకు యాదికి లేదు. అందుకే తిరుగుతున్న, అడుగుతున్న."

నాకు ఒళ్లు మండింది. అంత మందిని ఆ గీత మీద నడిపించి ఊరందరి ముందు దోషినైంది నేను. "ముందుగాల చెప్తే ఏం పోయె?" అని గట్టిగానే అడిగాను. ఆయన నెమ్మదిగా, "చెప్తె ఆ ఒక్క గీతను నమ్మకపోతుంటివి బేటా. మిగిలిన నక్ష పట్టుకుని అడగకుండనే నడుస్తుంటివి. గని ఆ దినం నేను నీ పక్కన ఉండాల్సింది. అది నా తప్పే" అన్నాడు. సిద్దమ్మ చాలాసేపు నీళ్ల వైపు చూసి, తన మూటలోంచి జొన్నరొట్టె సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది. "అయిందేదో అయింది. ఈసారి అడిగి గీయుండ్రి" అంది.

తర్వాత నేను పరీక్షలు రాసి సర్వేయర్‌నయ్యాను. పనిచేసినన్నాళ్లూ ఏ ఊళ్లోనూ చేలో ఉన్న మనిషిని అడగకుండా నక్ష విప్పలేదు. చేతిలో కాగితం పెట్టుకుని దారి అడుగుతాడేమిటి ఈయన అని కింది ఉద్యోగులు నవ్వుకునేవాళ్లు, నవ్వుకోనీ. చిచ్చా పోయిన ఎన్నో ఏళ్లకు ఆ ఊరి కొలతలు మళ్లీ తీయమని నాకే ఉత్తర్వు వచ్చింది. సిద్దమ్మ అప్పటికి మంచం దిగలేకపోతోంది. నలుగురం ఆమెను మంచంతో సహా గట్టు మీదికి మోసుకుపోయాం. గొలుసు పరుస్తూ, "అవ్వా, బాట ఎటు?" అని అడిగాను. ఆమె చెయ్యి చూపించిన మేరకు కొలిచి, తూర్పు గట్టు వెంబడి గీత గీశాను. పాత గీత కొట్టేశాను. ఆమె కళ్లు చికిలించి మా గుంపులో వెతికి, "ఆ గొలుసాయన రాలేదా?" అంది.

"లేడవ్వా" అన్నాను.

ఆమె నేల మీద పరిచిన గొలుసు వైపు చూసింది. "వచ్చినట్టే తియ్యి" అంది.