నూనె సీసాల వ్యాపారి

ఇర్వింగ్‌లో నా చిన్నప్పుడు, శనివారం సాయంత్రమైతే రేడియో ముందు నుంచి నన్ను లేపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. కంట్రీ పాటల, అంటే అమెరికన్ పల్లె పాటల, కార్యక్రమం ఒకటి వచ్చేది. పాటకీ పాటకీ మధ్య ఒక పల్లె సంతలో మనుషుల కబుర్లు. వాళ్ళలో నూనె సీసాలు అమ్ముకునే దూరదేశపు వ్యాపారి ఒకడు. అతని ఇంగ్లిష్ అచ్చం మా నాన్నగారి ఇంగ్లిష్‌లా ఉండేది. అందుకే అతనంటే నాకు ప్రాణం.

ఆ కార్యక్రమాన్ని సినిమాగా తీశారని తెలిసి, తొమ్మిదేళ్ళ నేను అన్నం మానేసి గొడవ చేశాను. చివరికి పక్కింటి ఆంటీ తీసుకెళ్ళింది. ఆవిడ కాకినాడ నుంచి వచ్చిన నర్సు. టికెట్లు చింపేవాడు ఆవిడ చీరను ఎగాదిగా చూశాడు. మేం కూర్చోగానే పక్కనున్న భార్యాభర్తలు లేచి వేరే వరుసకు వెళ్ళిపోయారు.

కాసేపటికి నా వ్యాపారి తెర మీదికి వచ్చాడు. ఎవరో తెల్లవాడి ముఖానికి గోధుమరంగు పూసి, తలకు గుడ్డ చుట్టారు. అతను నోరు తెరిస్తే చాలు, హాలంతా పకపకలు. ఊరివాళ్ళు అతన్ని బురదలోకి తోశారు. ముందు వరుసలో ఒకడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూపిస్తూ, "అదిగో, వాడి చుట్టాలు!" అని అరిచాడు. మళ్ళీ నవ్వులు.

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా.

ఆంటీ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కార్‌లో కూర్చున్నాక అడిగింది.

"ఎందుకు నవ్వావే?"

"అందరూ లాఫ్ చేశారు కదా, ఆంటీ."

"నీకు నవ్వొచ్చిందా? నిజం చెప్పు."

తల అడ్డంగా ఊపాను.

"మరి వాళ్ళకి సాయం ఎందుకు చేశావు?"

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. చాలా రోజులు ఆవిడంటే నాకు కోపంగానే ఉండేది.

మొన్న మనవాళ్ళ ఇంట్లోనే ఒక విందు. మాస్టర్స్ చదవడానికి కొత్తగా వచ్చిన అమ్మాయి ఇంగ్లిష్‌ని ఒకాయన అనుకరించి చూపించాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నవ్వమన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఇంత వయసొచ్చినా అలాంటప్పుడు నాకు అందరితో పాటు నవ్వేయాలనే అనిపిస్తుంది. అయినా ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను, ఆ నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయేదాకా.