ప్రభువు మా ఊరి సర్కారు బడిని నింపిండు

సహోదరులారా, సహోదరీలారా, ఈ కృతజ్ఞత కూడికల నన్ను నిలబెట్టిన నా ప్రభువుకు వందనాలు, ఇంత ఎండల ఓపికతోని కూసున్న మీకు సుత వందనాలు! నా పేరు సారమ్మ. మాది జగిత్యాల నుంచి కొండగట్టుకు పోయే తొవ్వల ఒక పల్లె, బీడీలు చేసుకుంట బతికేటోళ్ళం. నా నోరు జర పెద్దది, మైకు లేకున్నా వెనుక కూసున్నోళ్ళకు ఇనబడ్తది. అందుకనే మా పాస్టరమ్మ గారు "సారమ్మా, సాక్ష్యం చెప్పు గని ఎవరితోని కొట్లాట పెట్టుకోకు" అని ముందే చెప్పి పంపింది. కొట్లాడ, కానీ జరిగింది మాత్రం దాచ.

నాకు పెద్ద రోగమేం రాలే, మా ఇంటాయన తాగుబోతు కాదు. మా ఇంటిని పట్టి పీడించింది బడి ఫీజు! నవ్వకుండ్రి. రోగమొస్తే పదిమంది వచ్చి చూసి పోతరు, బడి ఫీజు కట్టలేకపోతే ఎవరికి చెప్పుకుంటం? నాకు ఒక్కతే బిడ్డ, రూతు. దాన్ని ఒకటో తరగతిలనే పసుపు బస్సు ఎక్కించిన, మండలంల ఉన్న ఇంగ్లీషు మీడియం బడికి. ఆ బస్సు మా వాడకట్టుల ఆగినప్పుడు నేను బీడీలు చేసే చాట పక్కకు పెట్టి, గడపల నిలబడి, నలుగురు చూడాలని చేయి ఊపేదాన్ని. మొదట్ల ఫీజు మా చేతికి అందేదే, తర్వాత ఏడాదికేడాది పెరుగుకుంట పోయింది, మా బీడీల కూలేమో ఉన్నకాడనే ఉన్నది. పుస్తకాలు వాళ్ళ దగ్గరనే కొనాలె, బట్టలు వాళ్ళ దగ్గరనే, టై, బెల్టు, మళ్ళ శనివారానికి వేరే తెల్ల బూట్లు! శనివారం నాడు పిల్లల కాళ్ళేమన్న మారుతయా సహోదరులారా?

ఆ ఫీజు కొరకే మా ఆయన మస్కట్ పోయిండు. ఇల్లు కట్టుకుందామని కాదు, భూమి కొందామని కాదు, బిడ్డ చదువు ఆగొద్దని పోయిండు. కొన్నాళ్ళు మంచిగనే పంపిండు, తర్వాత ఆ కంపెనీ జీతాలు ఆపింది. ఫోన్ చేస్తే "ఏం ఫికర్ చేయకు" అంటడు, అనుకుంటనే జల్ది ఫోన్ పెట్టేస్తడు, నాకు తెల్వదా! నా మెడల బంగారు గుండ్లు అమ్మిన, ఆ ఏడాది గడిచింది. మరుసటేడు అమ్మనీకి ఏం మిగలలే.

రూతు ఎనిమిదో తరగతిలకు పోయిన ఏడు, ఫీజు కట్టని పిల్లలను తరగతి బయట వరండాల నిలబెట్టిండ్రు. అందరి ముంగట, సహోదరులారా! ఆ సంగతి నా బిడ్డ నాకు చెప్పలే. మధ్యాహ్నం ఇంటికొచ్చి సంచి మూలకు పెట్టి, బట్టలు మార్చుకొని, గోడకు ఆనించిన రెండో చాట తీసి ఒళ్ళె పెట్టుకొని నా పక్కన కూసున్నది. కత్తెర పట్టి తునికాకు కత్తిరించుడు మొదలుపెట్టింది. నాకు తెల్వకుండ ఎప్పుడు నేర్చుకున్నదో, ఆకును అచ్చం నా లెక్కనే కత్తిరిస్తున్నది. "రేపటి సంది నీతోని కూసుంట అవ్వా" అన్నది. మా అవ్వ గట్లనే కూసున్నది, నేను గట్లనే కూసున్న. లేచి ఇంట్లకు పోయి తలుపేసుకొని ఏడ్చిన: "ప్రభువా, నా నడుము వంగిపోయినా మంచిదే, నా బిడ్డ చేతిల మాత్రం గా కత్తెర వద్దు!"

మరి మీ ఊర్ల సర్కారు బడి లేదా అని మీరు అడుగుతరు. ఉన్నది, పదో తరగతి దాక ఉన్నది! మంచి బిల్డింగు, పెద్ద మైదానం, నీళ్ళ ట్యాంకు. కానీ పిల్లలు తక్కువున్నరని సార్లను ఇస్తలేరు, సార్లు లేరని మేము పిల్లలను పంపుతలేం. ఇట్ల ఒకరి మొకం ఒకరు చూసుకుంట ఆ బడి ఎండిపోయింది, పక్కూరి బడిల కలిపేస్తరని సుత మాట పుట్టింది. మా ఊర్ల ఎవరన్న పిల్లను అక్కడ చేరిస్తే "అయ్యో, వాళ్ళ పని అయిపోయినట్టున్నది" అనుకునేటోళ్ళు. నేను అందరికంటె ముందు అనుకునేదాన్ని.

ఇప్పుడు మా సంఘం సంగతి వినుండ్రి. శుక్రవారం శుక్రవారం ఆడోళ్ళం ఉపవాస ప్రార్థన పెట్టుకుంటం. ఒక్కొక్కరు లేచి ప్రార్థన అంశం చెప్పాలె, మోకాళ్ళ నొప్పో, గొడ్డు ఈనలేదనో, కొడుకు వీసా గురించో. నలుగురిల చెప్పలేనిది ఉంటే "నాకొక అంతరంగ విన్నపం ఉన్నది" అంటే చాలు, ఎవ్వరు ఏమని అడుగరు, అందరం ఆమేన్ అంటం. అది మా దగ్గర మర్యాద. ఆ మర్యాదనే అడ్డం పెట్టుకొని నేను ఎన్ని శుక్రవారాలు అంతరంగ విన్నపం, అంతరంగ విన్నపం అన్ననో! నా పక్కామె సుత గదే అన్నది, ఆమె పక్కామె గదే అన్నది. వాళ్ళకు మొగనితోని లొల్లో, ఆడోళ్ళ రోగమో అనుకొని మస్తు జాలిపడ్డ. చాటలు ముందు పెట్టుకొని పొద్దంత కూసుంటే ఎవరింట్ల కూర మాడింది కూడా చెప్పుకునేటోళ్ళం, గీ ఒక్కటి మాత్రం ఒకరికొకరం చెప్పుకోలే. వాళ్ళ పిల్లలు ఠీవిగా బస్సెక్కుతున్నరు, నాకొక్కదానికే చేతగాలే అని కుమిలిపోయిన.

మా దేవుడు ఎట్ల పని చేసిండో చూడుండ్రి! మా సంఘంల రాజవ్వ అని పెద్దామె ఉన్నది, చెవులు జర మందం, అందుకే మెల్లగ ప్రార్థన చేస్తున్న అనుకొని ఊరంత ఇనబడేటట్టు చేస్తది. తల్లి లేని మనవరాలిని సాదుకుంటున్నది. ఆ శుక్రవారం అందరం కండ్లు మూసుకొని ఎవరి ప్రార్థనల వాళ్ళం ఉన్నం, రాజవ్వ గొంతు ఒక్కసారి లేచింది: "ప్రభువా, నా మనవరాలి ఇస్కూలు ఫీజు నేనేడికెళ్ళి తేవాలె! అంతరంగ విన్నపం అనుకుంట ఇన్నొద్దులు నిన్ను పరేషాన్ చేసిన. నీకు తెల్వదని కాదు తండ్రీ, గీ పక్కపొంటి ఉన్నోళ్ళకు తెల్వొద్దని దాచిన!"

ఎవరో కిసుక్కున నవ్విండ్రు, నవ్వుకుంటనే ఏడ్చిండ్రు, "నాది సుత గదే అవ్వా" అన్నరు. ఇంకొకరు "నాది సుత". నేను లేచి "నాది సుత గదే, నా బిడ్డను బయట నిలబెట్టిండ్రు" అని గట్టిగ చెప్పిన. చివరికి మా పాస్టరమ్మ గారు కొంగుతోని కండ్లు తుడుచుకొని, "నా అంతరంగ విన్నపం సుత ఫీజేనమ్మా" అన్నది! స్తోత్రం, స్తోత్రం! దేవుని దగ్గర దాపరికం లేని మేము మా మధ్యల గింత పెద్ద గోడ కట్టుకున్నం, దాన్ని ఒక చెవిటి అవ్వ చేత ప్రభువు కూలగొట్టిండు.

సరే, ఇగ అందరి ఫీజుల కొరకు ప్రార్థన చేద్దాం అన్నరు. అక్కడ నాకు కోపమొచ్చింది. వచ్చే జూన్ల ఫీజు మళ్ళ పెరుగుతది, గప్పుడు మళ్ళ మోకాళ్ళేస్తమా? మన కష్టమంత ఆ బస్సుకు పోయమని దేవుడు చెప్పిండా? మనం అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా సర్కారుకు పన్ను పోతున్నది, రాజవ్వ మాత్రలు కొన్నా పోతున్నది. ఆ పైసలతోని కట్టిన బడి మన ఊర్లెనే తాళం పడనీకి తయారుగున్నది, మనం దాని ముంగటికెళ్ళి బస్సెక్కిస్తున్నం! ఉన్నోని పిల్లకు పైసలున్నయి, లేనోని పిల్లకు సర్కారు బడే దిక్కు, అది సక్కగ ఉంటేనే ఇద్దరు ఒక్క బల్ల మీద కూసుంటరు, దాన్ని సక్కగ నడిపించుడు సర్కారు చేసే దయ కాదు, దాని బాధ్యత. గిదంత ఆవేశంల అన్న, నాకేం చదువు రాదు, ఆ మాటలు ఆత్మ ఇచ్చినవే అనుకుంట. పాస్టరమ్మ గారు "ప్రార్థన ఆపొద్దు సారమ్మా" అన్నది. "ఆపొద్దమ్మా, చేసుకుంట నడుద్దాం" అన్న.

నడిచినం! ఉపవాసంతోనే సీదా సర్కారు బడికి పోయినం. పెద్దసారు ఒక్కడే వరండాల మూడు తరగతులను కలిపి కూసోబెట్టి పాఠం చెప్తున్నడు, గంత మంది ఆడోళ్ళను చూసి కొట్లాటకు వచ్చినమనుకొని సుద్దముక్క కింద పడేసిండు పాపం. సంగతి చెప్తే ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "మీరు పిల్లలను ఇయ్యుండ్రమ్మా, సార్ల కొరకు అందరం కలిసి అడుగుదాం" అన్నడు. బాకీ ఉంటే ఆ బడోళ్ళు టీసీ ఇయ్యరు కదా సార్ అని అడిగిన, నాకున్న భయమంత గదే. "టీసీ తర్వాత చూసుకుందాం, ముందు బిడ్డను రానియ్యుండ్రి" అన్నడు. నన్ను అన్నొద్దులు నిద్ర పోనియ్యని భయం ఒక్క మాటతోని పోయింది, దేవునికే మహిమ! ఇంటికొచ్చి రూతుకు చెప్తే, ఇంగ్లీషు ఉంటదా, బస్సు ఉంటదా అని అడుగలే. "అక్కడ ఎవరినన్న బయట నిలబెడ్తరా అవ్వా?" అని అడిగింది. లేదు బిడ్డా అన్న. తెల్లారి చాట గోడకు ఆనించి బడికి పోయింది.

కానీ మా సంఘం పిల్లలతోని బడి నిండదు కదా. బీడీలు అప్పజెప్పే నాడు కార్ఖానా ముంగట అన్ని కులాలోళ్ళు వరుస కడ్తరు. అక్కడ నేను సిగ్గిడిచి నా బిడ్డ సంగతి చెప్పిన. వరుసల ముందట ఉన్న లక్ష్మి వదిన, ఎన్నడు మా మందిరం గడప తొక్కనామె, నా చేయి పట్టుకొని "మేము అంజన్నకు మొక్కింది సుత గీ ఫీజుకే వదినా" అన్నది. నేను నా యేసయ్యను అడుగుతున్న, ఆమె కొండగట్టు పోయి ఆంజనేయున్ని అడుగుతున్నది, ఇద్దరం దాచుకొని అడిగింది ఒక్కటే! ఆ వారం వరుసల నిలబడ్డోళ్ళల్ల సగం మంది బస్సు బంద్ చేసి పిల్లలను సర్కారు బడికి తోలిండ్రు.

సోమవారం నాడు అర్జీలు తీసుకుంటరని కలెక్టర్ ఆఫీసుకు పోయినం. మా బీడీలోళ్ళకు చేతులు ఖాళీగా పెట్టుకునే అలవాటు లేదు, పని పోతే పూట పోతది, అందుకని చాటలు వెంట తీసుకపోయి ఆఫీసు ముందు చెట్ల కింద కూసొని బీడీలు చేసుకుంట మా పేరు పిలిచేదాక చూసినం. తంబాకు వాసనకు లోపలున్న సార్లు ఒక్కొక్కరే బయటికొచ్చిండ్రు! ఏందమ్మా ఇది అని పెద్దాఫీసరు అడిగితే, "సార్, మేము ధర్మం అడుగుటానికి రాలే, మా బడికి లెక్కల సారు, సైన్సు సారు, ఇంగ్లీషు టీచరు కావాలె, పిల్లలు లేరన్నరు, అగో పిల్లలు వచ్చిండ్రు, ఇగ మీ వంతు" అన్న. కలిపేద్దామనుకున్న బడి అన్నడు, చూస్తం అన్నడు. "చూడుండ్రి సార్, మేము సుత వచ్చే సోమవారం వచ్చి చూస్తం" అన్న. పాస్టరమ్మ గారు వెనుక నుంచి నా కొంగు గుంజింది గని, నేనేం కొట్లాడలే, చెప్పిన అంతే. సోమవారం తప్పలే, శుక్రవారం ప్రార్థన తప్పలే. లక్ష్మి వదిన సుత తప్పలే.

దసరా సెలవులు అయినంక ఒక పొద్దుగాల స్కూటీ మీద ఒక టీచరమ్మ వచ్చి మా బడి ఏడున్నదని నన్నే అడిగింది, లెక్కల టీచరమ్మ! నేను తొవ్వ చెప్పలే, స్కూటీ ముందు ఉరుకుకుంట తీసుకపోయిన. హల్లెలూయా అనుకుంట ఉరికిన, చెప్పుల్లేవని సుత యాదికి లేదు! ఆమె వెనుక సైన్సు సారు వచ్చిండు, ఇంగ్లీషు టీచరు వచ్చింది. పక్కూర్ల కలుస్తదన్న బడికి ఇప్పుడు పక్కూరి పిల్లలు సైకిళ్ళ మీద వస్తుండ్రు. మధ్యాహ్నం బడిల వేడి బువ్వ, పుస్తకాలు ఊరికే, బట్టలు ఊరికే, శనివారానికి వేరే బూట్లు లేవు! మా ఆయన మస్కట్ నుంచి వచ్చేసిండు. ఫీజు కొరకు పోయినోడు, ఫీజు లేదని వచ్చిండు, ఇప్పుడు మామిడి తోటల పని చేసుకుంట పొద్దుమూకి ఇంట్ల బువ్వ తింటున్నడు. నా దేవుడు ఒక్క ముడి విప్పమంటే ఎన్ని ముడులు విప్పిండు!

ప్రియులారా, మీ సంచులల్ల, మీ గుండెలల్ల ఇసొంటి భారం ఉంటే పక్కోళ్ళకు దాయకుండ్రి, ప్రభువు మీద ఆనుకొని గట్టిగ చెప్పుండ్రి. మీ ఊర్ల సర్కారు బడి ఉంటే దాని దిక్కు పోయి చూడుండ్రి, లోపల ఒక సారు ఒక్కడే సుద్దముక్క పట్టుకొని ఉంటడు. నీ బిడ్డ ఒక్కతి కొరకే కాదు, పక్కింటి బిడ్డ కొరకు సుత మోకాళ్ళేయుండ్రి, అడుగవలసిన కాడ అడుగుండ్రి. నాసొంటి చదువు రాని దాన్ని విన్న దేవుడు మిమ్మల్ని ఇనడా?

రూతును సుత తీసుకరా, అందరు చూస్తరని పాస్టరమ్మ గారు మస్తు చెప్పింది. నేను తేలే. నన్ను క్షమించుండ్రి. రేపు దానికి పదో తరగతి లెక్కల పరీక్ష ఉన్నది, ఇంట్ల కూసొని చదువుకుంటున్నది. దేవునికే మహిమ!