స్ట్రైకర్ అల్లుడి సోమవారం తూకం

మా అల్లుడు విదేశంలో ఫుట్‌బాల్ ఆడతాడు. ఆషామాషీ ఆటగాడు కాదు, స్ట్రైకర్. గోల్ కొట్టడమే అతని ఉద్యోగం. అతను తన్నితే వల చిరిగిపోతుంది. యాభై వేల మంది లేచి నిలబడి అరుస్తారు. ఈ మాట సూరత్‌లో, అడాజన్ పేటలోని మా అపార్ట్‌మెంట్ సొసైటీలో అంతస్తు అంతస్తుకూ వెళ్లి చెప్పాను. లిఫ్ట్ చెడిపోయిన రోజు మెట్లెక్కి మరీ చెప్పాను.

నా జ్ఞాపకాల పుస్తకంలో రాస్తున్నాను కాబట్టి సరిచేయాలి. అది సముద్రం మధ్య చిన్న చిన్న దీవుల దేశం. అతను ఆడే ఊళ్లో యాభై వేల మంది జనాభాయే ఉండదు. వాన పడని రోజు ఓ ఏడెనిమిది వందల మంది వస్తారట. వల చిరిగిన మాట మాత్రం నిజం. అయితే అతను తన్నకముందే చిరిగి ఉందట.

నేను రైల్వేలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాను. చివరి పెట్టెలో ఒక్కణ్ణే కూర్చుని ఏళ్ల తరబడి పొలాలతో మాట్లాడినవాణ్ణి. వినే మనుషులు దొరికితే నోరు ఆగదు. అల్లుడిది ఇదే ఊళ్లో లింబాయత్, తెలంగాణ నుంచి వలస వచ్చిన మా నేతవాళ్ల పేట. వాళ్ల నాన్న మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. చీరల కత్తిరింపు ముక్కలను ఉండగా చుట్టి, ఇరుకు సందుల్లో షేర్ ఆటోలకు తగలకుండా తన్నుకుంటూ పెరిగినవాడు మా అల్లుడు. ఇందులో నేను కలిపిందేమీ లేదు.

కరోనా మొదటి ఏడాది అతను సెలవు మీద వచ్చాడు. మా అమ్మాయికి ఇక్కడే బ్యాంకు ఉద్యోగం, మా దగ్గరే ఉంటుంది. భార్యను చూసి, లింబాయత్ వెళ్లి అమ్మానాన్నలను పలకరించి, విమానం ఎక్కాలన్నది అతని లెక్క. ఇంతలో లాక్‌డౌన్ పడింది. లింబాయత్‌లో కేసులు పెరిగి సందులకు అడ్డంగా కర్రలు కట్టేశారు. విమానాలు ఆగిపోయాయి. అల్లుడు మా ఇంట్లోనే ఇరుక్కుపోయాడు.

ఆటగాళ్లు ఇళ్లలో కూర్చుని ఊరిపోతారని వాళ్ల క్లబ్బుకు భయం పట్టుకుంది. ప్రతి సోమవారం అందరూ వీడియో కాల్‌లో కాంటా మీద నిలబడాలని కోచ్ హుకుం జారీ చేశాడు. మా అల్లుడు డెబ్భై నాలుగు కిలోలు దాటకూడదు. దాటితే విమానాలు మొదలైనా రానక్కర్లేదు, అతని చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. మా అమ్మాయి ముల్లు తిరిగే కాంటా ఒకటి ఎక్కడి నుంచో సంపాదించుకొచ్చింది. మొదటి సోమవారం డెబ్భై మూడు చూపించింది. కోచ్ బొటనవేలు ఎత్తాడు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఆవిడ పాతకాలం మనిషి. అల్లుడి ఎదుటికి రాదు, నేరుగా మాట్లాడదు. వంటగది నడవా చివర, భోజనాల బల్ల హాల్లో. వడ్డన మోసేదీ, మాటలు మోసేదీ నేనే. మా అమ్మాయి బ్యాంకు నుంచి సాయంత్రం వచ్చి, అంటు భయంతో వేరే గదిలో తినేది. కాబట్టి నా రాయబారానికి సాక్షులు లేరు.

మా ఆవిడ అడిగి రమ్మనేది: “అల్లునికి ఇంకో రెండు భక్ష్యాలు పెట్టుమంటరా అడుగుండ్రి.”

నేను వెళ్లి అడిగేవాణ్ణి. అల్లుడు రెండు చేతులూ పళ్లెం మీద అడ్డం పెట్టి, వద్దు మామా, సోమవారం తూకముంది అనేవాడు. నేను నడవా దాటి వంటగదికి వెళ్లి, నాలుగైనా పర్వాలేదంటున్నాడని చెప్పేవాణ్ణి.

ఎందుకు చెప్పేవాణ్ణి? అల్లుడు మొహమాటస్తుడు. అత్తగారు పంపింది వదిలేస్తే ఆమె నొచ్చుకుంటుందని సగం తిని, మిగతా సగం నా పళ్లెంలోకి తోసేవాడు. నాకు షుగర్. డాక్టరు చెప్పిన నాటి నుంచి మా ఆవిడ నాకు పెట్టేది రెండు పుల్కాలు, సొరకాయ కూర. అల్లుడి మీద ప్రేమతోనే అలా చేశానని మొదట రాశాను. ఆ వాక్యం కొట్టేశాను. భక్ష్యాల మీద ప్రేమతో చేశాను.

దీనికి తోడు పక్కింటివాళ్లు. ఇంత పెద్ద ఆటగాడు మా బిల్డింగులో ఉన్నాడని నేనే ఊదరగొట్టాను కదా. సూరత్ వాళ్లకు మనిషి మీద గౌరవం కలిగితే మొదట గుర్తొచ్చేది తిండి. ఒకరింటికి ఒకరు వెళ్లే రోజులు కావు కాబట్టి డబ్బా లిఫ్టులో పెట్టి మా అంతస్తు బటన్ నొక్కేవాళ్లు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే లోపల మనిషి ఉండడు. స్టీలు డబ్బా ఒక్కటే నిలబడి ఉంటుంది. ఒకరోజు శనగపిండితో ఆవిరి మీద ఉడికించిన ఖమణ్, ఇంకోరోజు అలాంటిదే ముద్దముద్దగా ఉండే లోచో, దాని మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస. రోజుకు ఇరవై డబ్బాలు వచ్చేవి. రెండో మూడో వచ్చేవి.

పొద్దున్నే టెర్రస్ మీద నీళ్ల ట్యాంకుల చుట్టూ అల్లుడు పరుగెత్తేవాడు. నేను పాత ఆకుపచ్చ జెండా ఊపి, గార్డు విజిల్ ఊది, శిక్షణ ఇచ్చేవాణ్ణి. బంతి ఒకసారి పక్క సొసైటీలో పడి తిరిగి రాలేదు. అప్పటి నుంచి చీరముక్కల ఉండే గతి. ఎంత పరుగెత్తినా ముల్లు మాత్రం వారం వారం కుడివైపే జరిగింది. డెబ్భై ఎనిమిది దగ్గర కోచ్ ముఖం చిట్లించాడు. వచ్చే సోమవారం కూడా ఇలాగే ఉంటే ఒప్పందం రద్దని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు అల్లుడు అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలపలేదు. “మామా, నాకు ఇంకో పని రాదు. మగ్గం గూడ నేర్చుకోలే. నాయిన కొట్టినా ఆటకే పోయిన,” అన్నాడు.

నాకు గొంతులో ముద్ద అడ్డం పడింది. ఆ ముద్ద అతని పళ్లెంలోంచి వచ్చిందే. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పడానికి బదులు ఉపాయం చెప్పాను.

కాంటాను బాల్కనీ పరదాకు ఆనించి పెడతాం. అతను పరదాకు వీపు పెట్టి నిలబడతాడు. నేను బాల్కనీలో దాక్కుని, పరదాల సందులోంచి చేతులు పెట్టి, అతని నిక్కరు నడుం పట్టీని వెనక నుంచి పైకి లాగుతాను. నాలుగు కిలోలు లేపితే చాలు. అల్లుడు భయపడ్డాడు. ఇది మోసం కాదా మామా అన్నాడు. రైల్వేలో దీన్ని లోడు సర్దడం అంటారని చెప్పాను. అనరు.

సోమవారం వచ్చింది. స్టూలు మీద చెంబుకు ఆనించిన ఫోనులో కోచ్ ప్రత్యక్షమయ్యాడు. అల్లుడు కాంటా ఎక్కాడు. నేను బలం కొద్దీ లాగాను. నాలో అంత బలం మిగిలి ఉందని నాకే తెలియదు. ముల్లు అరవై రెండు దగ్గర ఆగింది.

కోచ్ గుడ్లు తేలేశాడు. జ్వరమా, వాసన తెలుస్తోందా, దగ్గుందా అని ఇంగ్లీషులో గుచ్చిగుచ్చి అడిగాడు. అల్లుడు మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు, నిక్కరు ఎక్కడ కోస్తోందో అతనికే తెలియాలి. తల మాత్రం అడ్డంగా ఊపాడు. ఆ ఇంట్లో నీకు తిండి పెట్టడం లేదా, వండేవాళ్లను పిలువు, అన్నాడు కోచ్. ఇంగ్లీషులో మా ఆవిడకు తెలిసిన నాలుగు మాటల్లో ఫుడ్ ఒకటి. నడవాలో నిలబడ్డ మనిషి హాల్లోకి వచ్చేసింది.

మాట మోయాల్సిన రాయబారి పరదా వెనక ఇరుక్కున్నాడు. అల్లుడికి నేరుగా చెప్పక తప్పలేదు. “అత్తమ్మా, మీరు నాకు తిండి పెడ్తలేరని అనుకుంటుండు.”

మా ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, ఫోను ముందు నిలబడి, అచ్చ తెలుగులో అడిగింది: “ఎవలయ్యా నువ్వు? నా అల్లుణ్ణి నేను ఎండబెడ్తనా?”

అక్కడి నుంచి ఏకరువు మొదలైంది. పొద్దున తిన్న సర్వపిండి, మధ్యాహ్నం గారెలు, మేం కాకీ అని పిలిచే కిందింటి గుజరాతీ పిన్ని పంపిన లోచో. ఒక్కటి ఇడ్వకుండ ఇంగ్లీషుల చెప్పుండ్రి అని అల్లుణ్ణి గద్దించింది. అతను చెబుతూనే ఉన్నాడు. కోచ్ వింటూనే ఉన్నాడు. నేను పరదా వెనక లాగుతూనే ఉన్నాను.

“నిన్న ఐదు భక్ష్యాలు అడిగిండ్రు, ఐదు పంపిన,” అంది మా ఆవిడ.

అల్లుడు దీన్ని అనువదించలేదు. “నేనడిగిన్నా? ఒక్కటి గూడ వద్దని చెప్పి పంపిన గద అత్తమ్మా.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ పరదా వైపు చూశారు. మా ఆవిడ పరదా లాగింది. నేను నిక్కరు వదిలేశాను. ముల్లు గిర్రున తిరిగి డెబ్భై తొమ్మిది దగ్గర నిలబడింది.

“ఏం జేస్తున్నరు ఆడ?” అంది మా ఆవిడ.

“లోడు సర్దుతున్న,” అన్నాను.

కోచ్ కాసేపు కెమెరా ఆపేశాడు. మళ్లీ కనబడేసరికి కళ్లు తుడుచుకుంటున్నాడు. నవ్వాడో, ఏడ్చాడో నేను చెప్పలేను. విమానాలు మొదలయ్యే దాకా గడువు ఇచ్చాడు. అయితే షరతు పెట్టాడు. ఇకపై తూకం వేళ మామగారు పక్కనే నిలబడాలి, రెండు చేతులూ పైకెత్తి కెమెరాకు కనబడాలి.

ఆ రోజు నుంచి మా ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడసాగింది. ఇన్నాళ్లూ ఆమెకు అడ్డం వచ్చింది ఆచారమో నేనో తెలియదు. అతనికి ఉడికించిన పెసలు, నాకూ అవే. టెర్రస్ మీద అతని వెనక నేనూ పరుగెత్తాను. సరే, నడిచాను. డబ్బాలు ఆపించడానికి అంతస్తు అంతస్తుకూ వెళ్లి, దూరంగా నిలబడి, నేను చెప్పిన గోల్స్‌లో చాలావరకు నేను కల్పించినవేనని, అల్లుడు సగం ఆటలు బెంచీ మీద కూర్చుంటాడని ఒప్పుకున్నాను. కిందింటి కాకీ అయ్యో అంది. పాపం, కుర్రాడికి బలం చాలదన్నమాట అంది. మర్నాటి నుంచి డబ్బాలు రెట్టింపయ్యాయి. మా ఆవిడ వాటిని అదే లిఫ్టులో కింద వాచ్‌మన్ దగ్గరికి పంపేది. నేను తలుపు దగ్గర నిలబడి వీడ్కోలు చెప్పేవాణ్ణి.

ఒక సోమవారం, నా చేతులు గాలిలో ఉండగా, ముల్లు డెబ్భై నాలుగు మీద కూర్చుంది. మా ఆవిడ వంగి రెండుసార్లు చూసింది. కోచ్ బొటనవేలు ఎత్తాడు. అల్లుడు కాంటా దిగి, ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఆ తర్వాత విమానాలు మొదలయ్యాయి, అతను వెళ్లాడు.

మళ్లీ ఆటలు మొదలైనప్పుడు ఖాళీ స్టేడియంలో మొదటి గోల్ మా అల్లుడిదే. మైదానం మధ్య నుంచి కొట్టాడు. ఫోనులో మేమంతా చూశాం. వేరేవాడు కొట్టిన బంతి ఇతని మోకాలికి తగిలి లోపలికి పోయింది. మోకాలు మాత్రం మా అల్లుడిదే.

ఆట అయ్యాక అతను ఫోన్ చేశాడు. అత్తా అల్లుడూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నా అవసరం ఎవరికీ పడలేదు. చివర్లో అతను అన్నది నాకు వినబడింది.

“అత్తమ్మా, గోల్ కొట్టిన గద, మామకు ఒక్క భక్ష్యం పెట్టుండ్రి.”

ఆమె వంటగదిలోకి వెళ్లి రెండు తెచ్చి నా పళ్లెంలో వేసింది.

ఒకటి.

సరే, సగం.